పిల్లాణ్ని స్కౌట్స్‌లో చేర్పిస్తే నిజంగా నాయకత్వం వస్తుందా?

"మా అబ్బాయికి పదకొండేళ్లు. ఇంట్లోంచి కదలడు. స్కౌట్స్‌లో వేస్తే నలుగురిలో ముందుండటం, బయట నెగ్గుకురావడం అలవడతాయా, లేక యూనిఫాం ఖర్చేనా?" అని అడిగారు.

చేర్పించండి. కాకపోతే మీరు అనుకుంటున్న నాయకత్వం రాదు. నాకేం వచ్చిందో చెబుతాను.

పద్నాలుగేళ్లప్పుడు నన్ను పెట్రోల్ లీడర్ని చేశారు. (ఇంట్లో ఆ మాట చెబితే బంకులో పనికి కుదిరావా అని నవ్వారు. ఆరేడుగురు పిల్లల జట్టుని పెట్రోల్ అంటారు.) అప్పటికే నా చొక్కా చేతి నిండా బ్యాడ్జీలు. ముడుల పరీక్షలో నేనే ఫస్ట్. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బోలైన్, ఏదైనా సరే కళ్లు మూసుకుని వేసేవాణ్ని.

క్యాంపులో రెండో రాత్రి వాన పట్టుకుంది. ఆ సాయంత్రం డేరా నేనే దగ్గరుండి వేయించాను, తాళ్లు మీటితే మోగేలా బిగించి. మాస్టారు అటుగా వెళ్తూ ఒకసారి తాడు తట్టి చూశారు, ఏమీ అనలేదు. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది. అప్పటికే బిగుతుగా ఉంటే మేకునే పెరికేస్తుంది. ఈ సంగతి నేను పరీక్షలో రాశాను కూడా! అర్ధరాత్రి ఒక మూల మేకు ఊడింది, వెంటనే రెండోది. నీళ్లు పీల్చిన గుడ్డంతా మా ఏడుగురి మీద పడింది.

నేను అరవడం మొదలుపెట్టాను. "నువ్వు అటు పట్టుకో, నువ్వు టార్చ్ వెయ్యి, నువ్వెక్కడ?" సగం మందికి వినపడలేదు, విన్నవాళ్లు లెక్కచేయలేదు. మాలో అందరికన్నా చిన్నవాడు, ఒక్క బ్యాడ్జీ కూడా లేనివాడు, పాక్కుంటూ బయటికెళ్లి మిగిలిన తాళ్లు ఒక్కొక్కటే వదులు చేస్తున్నాడు. "అన్నా, అరవకు. ఈ గుంజ పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. వాడు రాయితో మేకులు దిగ్గొడుతుంటే అరగంట సేపు ఆ గుంజతో పాటు నేనూ గుంజలాగే నిలబడ్డాను.

పొద్దున్నే మాస్టారు వచ్చి డేరా గురించి ఎత్తనేలేదు. "పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారు?" అన్నారు, అంతే. కట్టెలన్నీ తడే. మధ్యకి చీలిస్తే లోపల పొడిగా ఉంటుంది. ఆ చీల్చే పని నేను తీసుకున్నాను, ఎవరికీ ఏమీ పురమాయించకుండా.

1907 ఆగస్టులో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవికి ఓ ఇరవై మంది అబ్బాయిల్ని తీసుకెళ్లి, తోడేళ్లు, ఎద్దులు అంటూ నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టునీ అందులోని ఒక పెద్ద పిల్లాడికే అప్పగించాడు. నన్నడిగితే స్కౌటింగ్‌లో అసలు కిటుకు అదొక్కటే. సెల్యూట్, ఎడమచేతి షేక్‌హ్యాండ్, బ్యాడ్జీలు, ఇవన్నీ పైపై సింగారాలు. స్కార్ఫ్‌ని మాత్రం ఏమీ అనను, చెయ్యి విరిగినవాడికి మెళ్లోంచి కట్టడానికి పనికొస్తుంది.

ఇప్పటి కొన్ని క్యాంపులు చూస్తే ఒళ్లు మండుతుంది. పిల్లలు వెళ్లేసరికి డేరాలు వేసి ఉంటాయి, వంటకి మనుషులుంటారు. తల్లిదండ్రులేమో పూటకోసారి ఫోన్. ఇక నాయకత్వ శిక్షణ అంటూ గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించేవాళ్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. చివరికి సర్టిఫికెట్టు చంకలో పెట్టుకుని, బూటుకి మట్టి కూడా అంటకుండా ఇంటికొస్తారు.

అందుకని చేర్చే ముందు మాస్టార్ని ఒక్కటే అడగండి, క్యాంపులో డేరా ఎవరు వేస్తారని. "పిల్లలే. కూలితే మళ్లీ వాళ్లే" అంటే ఇంకేమీ ఆలోచించకుండా ఫీజు కట్టేయండి. మావాళ్లున్నారు, మీకేం టెన్షన్ వద్దు అంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

ఇంకోటి, రెండో జత బట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోమనండి. పెట్రోల్ లీడర్ని, నేను అది కూడా మర్చిపోయాను.