పారాసెటమాల్: మాత్రలో సరిపోయిన పద్ధతి మూత్రంలో ఎందుకు తప్పుతోంది?

మాత్రల్లో పారాసెటమాల్‌ను 257 నానోమీటర్ల దగ్గర కొలిస్తే లెక్క సరిపోతోంది, మూత్రంలో మాత్రం మందు వేసుకోకముందు పట్టిన శాంపిల్‌కి కూడా రీడింగు వస్తోందని అడిగారు. మీ పరికరంలో లోపం లేదు. యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్, హిప్పూరిక్ ఆమ్లం లాంటివి కూడా అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. పైగా మింగిన మందులో మార్పు లేకుండా మూత్రంలోకి వచ్చేది కొద్ది శాతమే. ఎక్కువ భాగం ఒంట్లో వేరే అణువులు అతుక్కుని గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మారి వస్తుంది.

ముందు మాత్రల సంగతి. 20 మాత్రలు తూచి మెత్తగా నూరండి. 150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉండేంత పొడిని 50 మి.లీ. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, 100 మి.లీ. నీటిలో 15 నిమిషాలు కుదిపి, 200 మి.లీ.కి నింపి వడకట్టండి. మొదట దిగిన కొంచెం పారబోయండి. 10 మి.లీ.ని నీటితో 100కి, అందులోంచి 10 మి.లీ.కి మళ్లీ 10 మి.లీ. క్షారం (అదే సోడియం హైడ్రాక్సైడ్) కలిపి నీటితో 100కి చేయండి. మి.లీ.కి 7.5 మైక్రోగ్రాములు, అంటే అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే రీడింగు) 0.536 రావాలి (1 శాతం ద్రావణానికి 1 సెం.మీ. మందంలో లెక్కగట్టే అబ్జార్బెన్స్ 715). రెండోసారి క్షారం మరిచిపోతే కాంతిని ఎక్కువగా పీల్చుకునే శిఖరం 243 నానోమీటర్ల వైపు జరిగిపోయి, 257లో రీడింగు పడిపోతుంది. క్వార్ట్జ్ క్యూవెట్టే (ద్రావణం పోసి పరికరంలో పెట్టే చిన్న పాత్ర) వాడాలి, మామూలు గాజుది ఇక్కడ పనికిరాదు. కెఫీన్ కలిసిన మాత్రలకు ఈ ఒక్క రీడింగు చాలదు.

ఇక మూత్రం. ఇక్కడ మందును పారా-అమినోఫినాల్‌గా విడగొట్టి రంగు తెప్పించాలి. 1 మి.లీ. మూత్రానికి 4 మి.లీ. 4 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, మూత బిగించిన ట్యూబును మరిగే నీళ్లలో గంటసేపు ఉంచండి. మూత వదులైతే ఆవిరి బయటికి పోతుంది. చల్లార్చి 10 మి.లీ. చేయండి. అందులో 1 మి.లీ.కి 1 శాతం ఆర్థో-క్రెసాల్ 1 మి.లీ., 4 మోలార్ అమోనియా 4 మి.లీ. కలపండి. తెల్లటి పొగ లేస్తుంది, అది అమోనియం క్లోరైడ్. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, క్రెసాల్ చర్మాన్ని కాలుస్తుంది. నీలం రంగు నెమ్మదిగా ముదురుతుంది. అన్ని ట్యూబులకూ ఒకే వ్యవధి ఇచ్చి 615 నానోమీటర్ల దగ్గర చదవండి. రంగు రాకపోతే ముందు అనుమానించాల్సింది అమోనియానే: ఆమ్లం పూర్తిగా తటస్థం కాకపోతే రంగు పుట్టదు. మసక కనిపిస్తే మూత్రంలోని ఫాస్ఫేట్లు అవక్షేపంగా దిగి ఉంటాయి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకోండి.

స్టాండర్డ్‌లను (పోల్చి చూసుకునే, గాఢత తెలిసిన ద్రావణాలను) నీటిలో చేయకండి. మందు వేసుకోకముందు పట్టిన మూత్రంలోనే మి.లీ.కి 100 నుంచి 500 మైక్రోగ్రాముల దాకా పారాసెటమాల్ కలిపి, అదే ఆమ్లం, అదే గంట గుండా నడపండి. ఏమీ కలపని అదే మూత్రం బ్లాంక్, అంటే సున్నా రీడింగుకు ఆధారం. అయితే స్టాండర్డ్‌లో గ్లూకురోనైడ్ ఉండదు కాబట్టి, అది పూర్తిగా విడిపోయిందో లేదో స్టాండర్డ్ చెప్పలేదు. ఒక అసలు శాంపిల్‌ను గంట, గంటన్నర రెండు రకాలుగా కాచి చూడండి. రెండోది ఎక్కువ వస్తే మీ గంట చాలడం లేదు. రీడింగు 1 దాటితే నీలం ద్రావణాన్ని కాదు, కాచిన ద్రావణాన్ని పలుచన చేసి మళ్లీ రంగు తెప్పించండి.

పారా-అమినోఫినాల్‌తోనే నేరుగా స్టాండర్డ్ చేసుంటే, వచ్చిన విలువను 1.385తో గుణించాలి (పారాసెటమాల్ అణుభారం 151.16ని పారా-అమినోఫినాల్ అణుభారం 109.13తో భాగించగా వచ్చింది). లేకపోతే ఫలితం దాదాపు 28 శాతం తక్కువగా వస్తుంది.