గుహల గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

బెలుం గుహల్లో భూగర్భశాస్త్ర విద్యార్థుల వెంట తిరిగి నీవు రాసిన వ్యాసం చదివాను. భాష మీద నీకు మంచి పట్టు ఉంది. అయితే మొదటి రెండు పుటల నిండా ఆశ్చర్యార్థకాలే కనిపించాయి తప్ప, ఆ పిల్లలు టేపూ దిక్సూచీ పట్టుకొని ఏం చేశారో, గోడ మీద ఏం చూశారో ఎక్కడా తెలియలేదు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను 1884లోనే ప్రస్తావించాడు. కానీ దాదాపు నూరేళ్ల తరువాత, 1982, 1983లలో డేనియల్ గెబాయర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి దిగి వివరంగా పరిశీలించేంత వరకు వాటి విస్తృతి లోకానికి తెలియలేదు. ఈనాడు అందరూ అలవోకగా చెప్పే 3,229 మీటర్ల పొడవు, ఉక్కపోతలో మలుపు మలుపునా ఆగి కొలతలు రాసుకున్నవారి శ్రమకు దక్కిన ఫలం. ఒక బిందువు నుంచి మరో బిందువుకు దూరం ఎంత, దిక్కు ఏది, నేల ఎంత వాలింది అన్న మూడు సంగతులనూ అక్కడికక్కడే పుస్తకంలోకి ఎక్కించాలి. దిక్సూచి దగ్గరికి ఇనుప వస్తువు వస్తే ముల్లు పక్కకు తిరుగుతుంది కనుక, చదివే మనిషి తన టార్చిని కూడా దూరంగా పెట్టుకోవలసి వస్తుంది. పాఠకుడికి ఇటువంటి వివరం ఇస్తే పని ఎంత జాగ్రత్తతో సాగిందో విశేషణం అవసరం లేకుండానే అర్థమవుతుంది.

ఇక చూడటం సంగతి. పైకప్పు నుంచి వేలాడే సన్నని రాతి గొట్టం కొసన నిలిచిన ఒక్క చుక్కనే తీసుకో. మట్టిలోంచి ఇంకేటప్పుడు వాన నీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకొంటూ కిందికి వస్తుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు విడిపోయి, చుక్క అంచున కాల్సైట్ అనే సున్నపు ఖనిజంతో పలచని వలయం మిగులుతుంది. వలయం మీద వలయం చేరినందువల్లే ఆ గొట్టం లోపల బోలుగా ఉంటుంది. రాలిన చుక్క నేల మీద పెంచే దిమ్మెకు మాత్రం ఆ రంధ్రం ఉండదు. చుక్క ఇప్పటికీ కారుతోందా, ఎండిపోయిందా అన్నది విద్యార్థులు తప్పక రాసుకోవలసిన మాట, నీవు వారిని తప్పక అడగవలసిన మాట. ఇటువంటి గుహల గోడలపై గరిటెతో తోడినట్టుండే గుంటలు కూడా వరుసగా కనిపిస్తాయి. అవి చిన్నవైతే ఒకనాటి ప్రవాహం వేగంగా, పెద్దవైతే నెమ్మదిగా సాగిందని తెలుస్తుంది. గుంటలో నిటారుగా ఉన్న పక్క ఎగువను, ఏటవాలు పక్క దిగువను చూపుతుంది. ఏనాడో వెళ్లిపోయిన నీటి దారిని అరచేతి వెడల్పు రాతి మీద చదవగలగడం కన్నా గొప్ప కథ నాకు తెలియదు.

గుహలోని రాతి ఆకారాలకు పెట్టిన వేయిపడగలు, ఊడలమర్రి, కోటిలింగాలు అన్న పేర్లను వదలమని నేను అనను, అవి చూసినవారి ఊహకు గుర్తులు. ముందు ఆకారం, కొలత, తడి, రంగు చెప్పి, ఆ తరువాత పేరు చెప్పు. అలాగే చూసినదాన్నీ ఊహించినదాన్నీ ఒకే వాక్యంలో కలపవద్దు. ‘ఇక్కడ నది పారింది’ అని రాసే ముందు ఏ గుర్తును బట్టి అంటున్నావో చెప్పాలి.

మరో మాట. చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా పట్టదు, గబ్బిలాలు వెలుగుకూ అలికిడికీ బెదురుతాయి. విద్యార్థులు తాకకుండా వదిలిన సున్నితమైన చోట్లకు నీ వ్యాసం దారి చూపకూడదు.

రెండో ప్రతి పంపేటప్పుడు వారు గుహలోనే గీసుకున్న చిత్తుపటం నకలు కూడా జతచేయి. నీ వర్ణనను ఆ పటంతో పోల్చుకొంటూ చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి