కుక్కకు పొగరు కాదు, చెవి పోటు

ప్రశ్న: మిర్చి చేను కాపలాకు నాలుగేళ్లుగా కుక్కను పెంచుతున్నాం. ఇరవై రోజులుగా తల దగ్గర చెయ్యి పెడితే గుర్రుమంటోంది. మెడ ఒక పక్కకు వాల్చి చెవి గోక్కుంటోంది. తిండి బాగానే తింటోంది. నిన్న గొలుసు విప్పబోతే మా బాబు చెయ్యి కరిచింది, రక్తం వచ్చింది. పొగరెక్కిందని నాలుగు దెబ్బలు వేశాం. మందుల షాపులో మత్తు గోళీలు ఇచ్చారు. రోజుకు ఎన్ని వేయాలి?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: ఒక్కటీ వేయొద్దు. ముందు బాబు సంగతి చూడండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఈ రోజే సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి. పసుపు, కారం పెట్టొద్దు. రక్తం వచ్చింది కాబట్టి రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా రేబిస్ క్రిమిని అడ్డుకునే సూది మందు) కూడా పడాలి, అడిగి వేయించండి. చర్మంలోకి వేసే టీకా అయితే ఇవాళ ఒకటి, ఆపై 3, 7, 28 రోజులకు.

ఇక కుక్క. మీరు రాసిన లక్షణాలు చెవి పోటువి. లోపల చీము, పిడుదు, లేదా గడ్డి ముల్లు ఉండొచ్చు. ఉన్నట్టుండి కరిచే కుక్కను చూస్తే ప్రవర్తన నిపుణులైన పశువైద్యులు మొదట వెతికేది నొప్పినే. గుర్రుమనడం అది మీకిచ్చే హెచ్చరిక. దానికీ కొడితే రేపు గుర్రుమనకుండానే కరుస్తుంది. మత్తు గోళీతో నొప్పి తగ్గదు. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మనుషుల నొప్పి గోళీలు వేస్తే కడుపులో పుండ్లు పడి కిడ్నీలు పోతాయి. చెవిలో నూనె, కిరోసిన్ పోయొద్దు. డాక్టరు చెవి లోపల చూశాకే చుక్కల మందు. మామూలుగా 7 నుంచి 14 రోజులు వాడాలి.

కుక్కకు రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో మీరు రాయనే లేదు. మిర్చికి ఏ రోజు ఏ మందు కొట్టారో మన రైతులు తేదీలతో చెబుతారు, కుక్క టీకా అంటే మాత్రం తల గోక్కుంటారు! మందుల షాపు వాళ్లయినా గోళీలు ఇచ్చే ముందు ఆ ఒక్క మాట అడగాలా, వద్దా? ఇరవై రోజులుగా తింటోంది కాబట్టి పిచ్చి (రేబిస్) కాకపోవచ్చు. అయినా కరిచిన రోజు నుంచి 10 రోజులు కట్టేసి గమనించండి. తిండి మానినా, చొంగ కార్చినా, దవడ వేలాడినా ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పండి. 10 రోజులు బాగుంటే రేబిస్ టీకా వేయించి, ఏటా వేయిస్తూ ఉండండి.

పశువుల దవాఖానకు తీసుకెళ్లేటప్పుడు మూతికి మెత్తటి నూలు గుడ్డ కట్టండి. ముక్కు మూసుకుపోకూడదు. కరిచిన సంగతి లోపలికి వెళ్లగానే డాక్టరుకు చెప్పండి.