గడీ కూలగొడుతుంటే సంతోషపడాల్నా, బాధపడాల్నా?

ప్రశ్న: నమస్తే సార్. నల్లగొండ పక్కన మాదొక ఊరు, ఇప్పుడు టౌన్ల కలిసిపోయింది. ఊరి నడుమ దొరలుండే కోట లాంటి పాత గడీ ఉంది, వారసులు ఎవరికో అమ్మిన్రట, కూలగొట్టి ఫంక్షన్ హాల్ కడతరంట. మేం కొందరం ఆపాలనుకుంటున్నం కానీ మా నాయనమ్మ "పోతే పోనియ్ బిడ్డా, ఆ దర్వాజ ముందట మా అత్త చెప్పులు చేతుల పట్టుకోని నడిచింది" అంటది. ఆమెకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు.
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తమ్ముడూ, మీ నాయనమ్మ అన్నది నిజం, ఆ మాటను దాటేసి హెరిటేజ్ హెరిటేజ్ అని తిరిగితే ఊళ్లో ఎవరూ మీ ఎంబడి రారు. మన జిల్లాల గడీ అంటే వెట్టి, 1946 నుంచి 51 దాకా నడిచిన సాయుధ పోరాటంల జనం తిరగబడ్డది ఈ గడీల మీదనే. కానీ నాకు అనిపించేది ఏందంటే, గడీ పోతే దొరల పాపమే ముందు మాసిపోతది. రేపు ఆడ ఫంక్షన్ హాల్ లైట్లు పడ్డంక మీ పిల్లలకు వెట్టి గురించి చెప్తే ఏదో పాత కథ లెక్క వింటరు, అదే దర్వాజ ఎంత ఎత్తున్నదో, దొర కూసునే అరుగు ఏడున్నదో, కింద మనోళ్లు ఎండల ఏడ నిలబడేదో చూపెడితే ఇంక వేరే చెప్పే పనే ఉండదు. నాయనమ్మకు ఇదే చెప్పండి, ఆమె అత్త పేరు ఆ దర్వాజ పక్కన రాపిస్తమని చెప్పండి.

కట్టడాన్ని వాడుకుంటనే నిలుస్తది. వనపర్తి రాజుల ప్యాలెస్‌ల 1959ల పాలిటెక్నిక్ పెట్టిన్రు, ఎంతమంది పేదింటి పిల్లలు ఆడ చదువుకున్నరో. ఇగ కుదరదు, కష్టం అనేటోళ్లకు కూడవెల్లి సంగమేశ్వరాలయం గుర్తుచేయండి, శ్రీశైలం ముంపుల పోతదని రాయికి రాయి విప్పి అలంపురంల మళ్ల కట్టిన్రు.

చట్టం సంగతి. హైదరాబాద్‌ల ఇర్రంమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూలగొట్టి అసెంబ్లీ కడతమంటే 2019 సెప్టెంబర్‌ల హైకోర్టు కొట్టేసింది, ఆ భవనం ముందునుంచే హెరిటేజ్ లిస్టుల ఉండబట్టి కొట్లాడెటందుకు పట్టు దొరికింది. ఆ లిస్టు పెట్టిన పాత రూలు హైదరాబాద్ వరకే, మనకు అక్కరకు రాదు. 2017ల వచ్చిన తెలంగాణ హెరిటేజ్ చట్టం మాత్రం రాష్ట్రం మొత్తానికి. కాబట్టి కలెక్టర్‌కు, రాష్ట్ర హెరిటేజ్ శాఖకు ఫొటోలతోని కాయితం పెట్టండి, రసీదు తీసుకోండి. అయినా అది ప్రైవేటు ఆస్తి, ఓనర్‌తోని కూసోని మాట్లాడకుంట పని కాదు, ముందటి భాగమన్నా ఉంచి ఎనక హాల్ కట్టుకోమని అడగండి.

ఇది మాత్రం ఈ వారమే చేయండి: టేపు పట్టి కొలతలు తీయండి, ప్రతి తలుపు, ప్రతి స్తంభం ఫొటో తీయండి. ఎందుకంటే ముందుగాల పోయేది టేకే, తలుపులు దూలాలు పాత సామాన్లోళ్లకు అమ్ముతరు, కప్పు పోయినంక రెండు వానలకే మట్టి గోడ జారిపోతది, అప్పుడు ఇది పాడుబడ్డది ప్రమాదం అని వాళ్లే అంటరు. నాయనమ్మ మాటలు కూడా ఫోన్ల రికార్డు చేయండి, గడీ నిలిచినా నిలవకున్నా అవి కావాలె.

ప్రశ్న: మా తాతల నాటి మిద్దె కురుస్తుంది, మేస్త్రీ పైన సిమెంటు పోయమంటున్నడు. పోయాల్నా?
- ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దమ్మా. పాత మిద్దెల ఉండేది సున్నం, అది తడిని పీల్చుకోని మళ్ల బయటికి వదులుతది, సిమెంటు పోస్తే ఆ తడి లోపల్నే ఉండిపోయి దూలాల కొనలు పుచ్చిపోతయి, పైగా బరువు. ముందు మిద్దె మీద నీళ్లు పోయే తూము చూడండి, చాలాసార్లు ఆకులు, మట్టి నిండి అదే మూసుకుపోయి ఉంటది. గోడల రావిమొక్క ఉంటే వేరుతోని తీయించండి, పైపైన కోస్తే మళ్ల లేస్తది. పగుళ్లకు ఇసుక కలిపి గానుగల నూరిన డంగు సున్నమే పెట్టించండి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి చేసే పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా ఉన్నరు, గుళ్లల పనిచేసేటోళ్లను అడిగితే దొరుకుతరు. సున్నం ఆరెటందుకు టైమ్ పడ్తది, మృగశిరకు ముందే మొదలుపెట్టండి.