లెక్కలో ఆమె జీతం ఏది?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం, సొంతిల్లు. నాకు చేతికి 48 వేలు వస్తుంది. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు, 18 వేలు. బెంగళూరులో ఏడాదికి 10.80 లక్షల ఉద్యోగం వచ్చింది. నెలకు 90 వేలు, పైగా అక్కడ పన్ను తక్కువట. నా భార్య ససేమిరా అంటోంది. అమ్మ ఇల్లు వదిలి రానంటోంది. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. భార్యను ఎలా ఒప్పించను?

జవాబు: ఒప్పించే సంగతి తర్వాత. మీరు పంపిన లెక్కల కాగితంలో పాల ప్యాకెట్లు, పాప ఆటో, చివరికి ఇస్త్రీ ఖర్చు కూడా ఉన్నాయి. మీ భార్య జీతం మాత్రం ఎక్కడా లేదు. ఆమె ఆ కాగితం చూసి ఉంటే, ఆ ససేమిరాకు కారణం బెంగళూరు కాకపోవచ్చు.

90 వేలన్నది కంపెనీ మీ మీద పెట్టే ఖర్చు. మీ ఆఫర్ లెటర్ ప్రకారమే మూల వేతనం 45 వేలు. దాని మీద 12 శాతం చొప్పున పీఎఫ్‌లో కంపెనీ వాటా 5,400, మీ వాటా మరో 5,400. గ్రాట్యుటీ కింద సుమారు 2,165. పనితీరు బాగుంటేనే ఏడాది చివర ఇచ్చేది నెలకు 9 వేలు. వృత్తి పన్ను 200. ఇవి పోగా నెలనెలా బ్యాంకులో పడేది దాదాపు 68 వేలు. పీఎఫ్ ఎక్కడికీ పోదు, నిజమే. దానితో అద్దె కట్టలేరు కదా!

పన్ను తక్కువని ఎవరు చెప్పారో గానీ, ఆదాయపు పన్ను కేంద్రానిది, ఎక్కడున్నా ఒకటే. రాష్ట్రానికి వెళ్లే వృత్తి పన్ను మీ జీతానికి రెండు చోట్లా నెలకు 200. కర్ణాటకలో ఫిబ్రవరిలో 300.

ఇప్పుడు మీ ఇంటికి వచ్చేది 66 వేలు, అద్దె బాధ లేదు. అక్కడ మీ ఒక్కరి జీతం మీదే బతికితే 68 వేలు, అద్దె ఇంకా కట్టలేదు. ఇంటి అడ్వాన్సు కింద పది నెలల అద్దె అడిగే యజమానులూ బెంగళూరులో ఉన్నారు. అమ్మగారు ఇక్కడే ఉంటే రెండు పొయ్యిలు. పాపను మధ్యాహ్నం బడి నుంచి తెచ్చి, అన్నం పెట్టి, నిద్రపుచ్చేది ఆవిడే అన్నారు. ఆ పనికి ఇక్కడ ఎవరూ ధర కట్టలేదు, అక్కడ కడతారు.

వెళ్లవద్దనను. మీ రంగంలో ఎదుగుదల అక్కడే ఉండవచ్చు, మీ భార్యకూ మంచి బడిలో ఉద్యోగం దొరకవచ్చు. కానీ ఆమెను ఒప్పించాలని రాశారే తప్ప, అడగాలని ఉత్తరంలో ఒక్కచోటా లేదు.

నెలవారీ జీతం వివరం రాసిమ్మని కంపెనీని అడగండి. అది, ఒక తెల్ల కాగితం మీ భార్య ముందు పెట్టి, పెన్ను ఆమెకే ఇవ్వండి. మొదటి వరుసలో 18 వేలు ఆమెనే రాయనివ్వండి. పాపకు తోడెవరన్న వరుస దగ్గరికి వచ్చేసరికి అమ్మగారినీ పిలవండి.