‘డంకీ’ సినిమాలో చూపించినవి మన గోదావరి జిల్లాల వాళ్ళకి కూడా జరుగుతాయా?

రాజ్‌కుమార్ హిరానీ 2023లో తీసిన ఆ సినిమా పంజాబ్ కథ. వీసా దొరకనివాళ్ళు దొంగదారిన దేశాలు దాటుకుంటూ లండన్ చేరడం, మధ్యలో తుపాకులు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా వైపు అలా కంచెలు దూకి వెళ్ళినవాళ్ళని నేను చూడలేదు. మా ఆడవాళ్ళు శంషాబాద్‌లో ముద్ర వేయించుకునే కువైట్, మస్కట్ విమానాలు ఎక్కుతారు. చిక్కంతా అక్కడ దిగాకే.

మా పిన్ని కువైట్‌కి ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా మీద వెళ్ళింది. దిగిన రోజే సేటు, అంటే ఆ ఇంటి యజమాని, పాస్‌పోర్ట్ తీసేసుకున్నాడు. అర్ధరాత్రి దాకా చాకిరీ. ఇంటికి ఫోన్ చేయాలంటే బాత్‌రూమ్ తలుపేసుకుని ఐఎంఓ అనే కాలింగ్ యాప్‌లో గుసగుసలు. జీతం నెలల తరబడి ఆపేశారు, అడిగితే ‘బుక్రా’ అంటూ రేపటికి తోసేవారు. చివరికి ఓ రోజు చెత్త పారేయడానికి గేటు దాటి, మళ్ళీ లోపలికి పోలేదు. అంతే, ఖల్లీవల్లీ అయిపోయింది, అంటే సేటుని వదిలేసి కాగితాల్లేకుండా ఉండే మనిషి. అక్కడ ఉండే హక్కు యజమానితోనే ముడిపడి ఉంటుంది కాబట్టి, పిన్ని పారిపోయిందని సేటు కేసు పెట్టగానే అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, పోయింది. సినిమాల వాళ్ళు ఎంతసేపూ ముళ్ళకంచెలే చూపిస్తారు, ఈ గేటు ఎవరూ చూపించరని నా బాధ.

ఆ తర్వాత కువైట్‌లోనే ఫర్వానియా అనే ఏరియాలో మనవాళ్ళ గదిలో తలదాచుకుని ఇళ్ళల్లో పార్ట్‌టైమ్ పని చేసింది. చెకింగ్ అంటే చాలు టెన్షన్, జ్వరమొచ్చినా ఆసుపత్రికి వెళ్ళే ధైర్యం లేదు. మా తాతయ్య పోతే దినం వీడియో కాల్‌లో చూసి ఏడ్చింది. 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించాక, మన ఎంబసీ దగ్గర లైన్లో నిలబడి ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్ట్ లేనివాళ్ళు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం, తీసుకుని, జరిమానా కట్టకుండా రాగలిగింది.

మీవాళ్ళెవరైనా వెళ్తుంటే ఒక్కటి గట్టిగా చూడండి. పదో తరగతి పాసవని ఆడవాళ్ళని 30 ఏళ్ళు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. అందుకే ఏజెంట్లు ‘విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిస్తాం’ అంటారు. ఆ మాట వినగానే ఆపేయండి. ఏజెంట్ లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. లైసెన్సున్నవాడైనా సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. పాస్‌పోర్ట్, వీసా జిరాక్సులు, సేటు నంబరు ఇంట్లో పెట్టుకోండి. పిన్నికి ఔట్‌పాస్ కోసం పనికొచ్చింది బాబాయి వాట్సాప్‌లో పంపిన ఆ జిరాక్సే.