చేతిలో నెల ఖర్చే ఉంది, ఇంకో స్టోర్ కార్డా?

ప్రశ్న: డల్లాస్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. బట్టలు రాస్, టీజే మ్యాక్స్ లాంటి డిస్కౌంట్ షాపుల్లోనే, సరుకులు ఆల్డి, డాలర్ ట్రీలోనే కొంటాం. వీటికి నెలకు 700 డాలర్లు అవుతోంది. స్టోర్ కార్డు (షాపు పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డు) మీద 4,200 బాకీ ఉంది, వడ్డీ 30 శాతం, నెలకు 150 కడుతున్నాను. బ్యాంకులో ఉన్న 3,800 మా నెల ఖర్చుకు సరిపోతుంది. ఇండియా ప్రయాణానికి 800 డాలర్ల వస్తువులు కొనాలి. కొత్త స్టోర్ కార్డు తీసుకుంటే 15 శాతం తగ్గిస్తామంటున్నారు. తీసుకోనా? అత్యవసరమైతే కార్డుల్లో లిమిట్ ఎలాగూ ఉంది.

జవాబు: వద్దు. 800 మీద 15 శాతమంటే 120 డాలర్లు. పాత బాకీ మీద ఒక్క నెల వడ్డీయే 105. మీరు కట్టే 150లో అసలుకు పోయేది 45.

ఇంతకన్నా నన్ను కంగారు పెట్టింది మీ చివరి వాక్యం. చాలామంది ఇదే అనుకుంటారు. లిమిట్ మీ డబ్బు కాదు, బ్యాంకు ఎప్పుడైనా కోసేయొచ్చు. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్ళకు ఇక్కడ ఉండేందుకు గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో అద్దె కట్టాలి, లీజు మధ్యలో వదిలితే జరిమానా కట్టాలి, అవసరమైతే ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనాలి. కంపెనీ ఆరోగ్య బీమాను ఉద్యోగం పోయాక కూడా ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద కొనసాగిస్తే, అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా మీ మీదే పడుతుంది, మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా. ఇవన్నీ 30 శాతం వడ్డీకి తెచ్చి కడతారా?

అందుకే ఆ 3,800ని బాకీ తీర్చడానికి కూడా ముట్టుకోవద్దు. 700 ఖర్చును 400కి దించండి. మిగిలిన 300ని 150కి కలిపి నెలకు 450 చొప్పున కడితే, ఆ కార్డు మీద కొత్తగా ఏమీ గీకకుండా ఉంటే, 11 నెలల్లో బాకీ తీరుతుంది. తర్వాత అదే 450 పొదుపు ఖాతాలోకి. 300 తగ్గాక మీ నెల ఖర్చు 3,500, కాబట్టి ముందు రెండు నెలల ఖర్చు 7,000 చేరాలి, ఆపైన ఆరు నెలలది 21,000. టాక్స్ రీఫండ్ వచ్చినా, బోనస్ వచ్చినా అక్కడికే.

300 తగ్గించడం కష్టమేం కాదు. డిస్కౌంట్ షాపుల్లో ట్యాగు మీద 'కంపేర్ ఎట్' (బయటి ధరతో పోల్చుకోండి) అని ఉన్న ధరకు ఆ వస్తువును ఆ షాపులో ఎన్నడూ అమ్మి ఉండకపోవచ్చు, కాబట్టి దాన్ని చూసి లాభం లెక్కేయకండి. డాలర్ ట్రీలో చాలావాటికి ప్యాకెట్ చిన్నది, అందుకే ధర తక్కువ. ఔన్సు ధర లెక్కేసి చూస్తే కొన్ని సరుకులు ఆల్డిలోనే చవక. కొని ఇంకా ట్యాగు తియ్యని బట్టలుంటే రసీదు తీసి చూడండి, వాపసు గడువు సాధారణంగా 30 రోజులే.

'12 నెలలు వడ్డీ లేదు' అనే స్టోర్ కార్డుల జోలికీ పోవద్దు. చాలావాటిలో గడువుకి పది డాలర్లు మిగిలినా, కొన్న రోజు నుంచి వడ్డీ మొత్తం వేస్తారు. నాలుగు వాయిదాల యాప్‌లు కూడా అప్పే.

క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) తక్కువ వడ్డీకి లోన్ దొరికితే బాకీని అటు మార్చుకోవచ్చు, పాత కార్డు వాడకం ఆపగలిగితేనే. ప్రయాణం వస్తువులకు జాబితా రాసుకుని డెబిట్ కార్డుతో కొనండి, అదీ ఆ నెల 400 లోపే. 800 ఈసారికి కుదరదు.